తాగుడు మాన్పించడానికి ఎన్ని దారులు?

ఊళ్ళో గోడల మీదా, పేపర్లలో వచ్చే చిన్న ప్రకటనల్లోనూ మీరూ చూసే ఉంటారు. "తాగుడు మాన్పించబడును. తాగేవారికి తెలియకుండానే ఇవ్వవచ్చు." కింద ఒక ఫోన్ నంబరు. పక్కనే మొలలకీ, పక్షవాతానికీ మందు. మనం నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. కానీ ఆ ప్రకటన ఇన్నేళ్ళుగా పడుతోందంటే, దాన్ని చూసి ఫోన్ చేసేవాళ్ళు ఉన్నారనే కదా అర్థం. ఆ ఫోన్ చేసేది తాగేవాడు కాదు. వాడి భార్యో, తల్లో అయ్యుంటుంది.

నా చిన్ననాటి స్నేహితుడి వదినగారు ఆమధ్య నన్ను ఇదే అడిగారు. వాళ్ళాయన రెండుసార్లు డీ-అడిక్షన్ సెంటర్‌కి వెళ్ళొచ్చాడు. మొదటిసారి మూడు నెలలు ఆగాడు, రెండోసారి ఆరు నెలలు. మళ్ళీ మొదలెట్టేసరికి సెంటర్ వాళ్ళు "మా ట్రీట్‌మెంట్‌లో లోపం లేదమ్మా, మీ ఆయనకే మనసు గట్టిగా లేదు" అని చేతులు దులుపుకున్నారట. ఇక మిగిలింది ఆ పొడే. "పప్పులో కలిపేస్తే తెలీదంట. తెప్పించమంటావా?" అని ఆవిడ ప్రశ్న. వద్దని చెప్పడానికి క్షణం పట్టదు. మరేం చెయ్యాలి అంటే మాత్రం ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు. అందుకే ఈ పురాణం. ముందే ఒక మాట చెప్పేస్తున్నా: నేను డాక్టర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి.

తాగుడు మాన్పించే పద్ధతుల చరిత్ర సుమారు 240 ఏళ్ళది. ఎక్కువ భాగం అమెరికాలో నడిచింది. ఇవాళ మన సెంటర్లలో వాడేవి కూడా చాలావరకు అక్కణ్ణుంచో, యూరప్ నుంచో వచ్చినవే కాబట్టి ఆ కథ మనకీ అవసరమే. అది చదువుతుంటే ఒక విషయం పదే పదే కనిపిస్తుంది. వచ్చిన ప్రతి పద్ధతినీ "అసలు దారి ఇదే" అని చెప్పేవాళ్ళు తయారయ్యారు. బాగుపడితే గొప్పంతా పద్ధతిది. బాగుపడకపోతే తప్పు మాత్రం ఆ మనిషిది.

సరే, మొదట్నుంచీ చూద్దాం.

1784లో ఫిలడెల్ఫియా డాక్టర్ బెంజమిన్ రష్ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళలో ఈయనొకడు. అప్పటిదాకా తాగుడంటే పాపం, లేదా బలహీనత. ఈయన అది జబ్బు అన్నాడు. పెద్ద ముందడుగే. కాకపోతే ఆయన చెప్పిన వైద్యాలు వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు: చన్నీళ్ళలో ముంచడం, ఒంటిమీద బొబ్బలెక్కించడం, రక్తం తియ్యడం, దేవుడి మీద ఒట్టు వేయించడం. పైగా గొడవంతా ఘాటు సారాతోనే, బీరూ వైనూ అయితే ఫర్వాలేదన్నాడు. జబ్బు అని పేరు పెట్టడం వేరు, దానికి వైద్యం తెలియడం వేరు.

1840 ఏప్రిల్‌లో బాల్టిమోర్‌లోని ఒక సారాకొట్టులో కూర్చున్న ఆరుగురు తాగుబోతులు ఇక మానేద్దాం అని ఒట్టు పెట్టుకున్నారు. తమ గుంపుకి మొదటి అధ్యక్షుడి పేరు తగిలించి వాషింగ్టనియన్లు అన్నారు. ఇందులో డాక్టర్లు లేరు, పాస్టర్లు లేరు. అందరూ ఒకచోట చేరి ఎవడి కథ వాడు చెప్పుకోవడం, కొత్తగా వచ్చినవాడికి తోడుండటం, అంతే. కొద్ది ఏళ్ళలోనే లక్షలమంది చేరారు. 1842 ఫిబ్రవరి 22న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వీళ్ళ సభలో 33 ఏళ్ళ లాయరొకాయన మాట్లాడాడు. పేరు అబ్రహాం లింకన్. తాగేవాణ్ణి తిట్టీ శపించీ మార్చలేం, వాడి స్నేహితులమని ముందు వాణ్ణి నమ్మించాలి అన్నది ఆ ప్రసంగం సారాంశం. 180 ఏళ్ళు దాటినా మన ఇళ్ళలో ఈ మాట ఇంకా పూర్తిగా ఎక్కలేదు.

అంత వేగంగా పెరిగిన ఉద్యమం 1840ల చివరికల్లా మాయమైపోయింది. కట్టుబాట్లు లేవు, ఒక నిర్మాణం లేదు. మద్యనిషేధ రాజకీయాలు లోపలికొచ్చాయి, కొట్లాటలొచ్చాయి. డాక్యుమెంటేషన్ లేని ప్రాజెక్టులో రాసినవాళ్ళు వెళ్ళిపోతే ఏమవుతుందో మావాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత మందుల వంతు. 1879లో ఇల్లినాయ్ రాష్ట్రంలో డ్వైట్ అనే చిన్న ఊళ్ళో డాక్టర్ లెస్లీ కీలీ "బంగారం మందు" కనిపెట్టానన్నాడు. రోజుకి నాలుగు ఇంజెక్షన్లు, నాలుగు వారాలు. నూటికి 95 మందికి నయమవుతుందని ప్రచారం. వందకి పైగా బ్రాంచీలు వెలిశాయి. మందులో ఏముందో మాత్రం బతికున్నంతకాలం ఆయన బయటపెట్టలేదు. 1900లో ఆయన పోయాక వ్యాపారమూ మెల్లగా చల్లబడింది.

అయితే మరి డ్వైట్ వెళ్ళొచ్చినవాళ్ళలో కొందరైనా ఎలా మానేశారు? నాకు తోచింది ఇది. అక్కడ తాళాలు వెయ్యలేదు, సంకెళ్ళు వెయ్యలేదు. ఇంజెక్షన్ కోసం లైన్లో నిలబడ్డప్పుడు పక్కనున్నవాళ్ళంతా తమలాంటివాళ్ళే. ఇంటికెళ్ళాక కూడా కీలీ లీగ్ అని సంఘాలు పెట్టుకుని కలుస్తూ ఉండేవాళ్ళు. మందు సంగతి ఎలా ఉన్నా తోడు నిజం.

ఇక అందరూ ఎరిగిన కథ. న్యూయార్క్ స్టాక్ వ్యాపారాల్లో తిరిగే బిల్ విల్సన్ తాగుడు మానిన కొద్ది నెలలకి, 1935 మేలో, పనిమీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ వచ్చాడు. వచ్చిన పని బెడిసికొట్టింది. హోటల్లో ఒక పక్క బారు, ఒక పక్క ఫోను. ఫోను దగ్గరికెళ్ళి, చర్చిల జాబితా చూసి వరసగా కాల్స్ చేశాడు. అడిగింది ఒకటే: నేను మాట్లాడటానికి ఇంకొక తాగుబోతు కావాలి. అలా దొరికినవాడే సర్జన్ బాబ్ స్మిత్. ఆయన ఆఖరిసారి తాగిన 1935 జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఎ.ఎ., పుట్టినరోజుగా లెక్కేస్తారు. 1939లో పుస్తకం వచ్చింది. 1941 మార్చిలో సాటర్‌డే ఈవినింగ్ పోస్ట్ పత్రికలో వ్యాసం పడ్డాక, రెండు వేలమంది ఉన్న సంఘం ఆ ఏడాది చివరికి ఎనిమిది వేలైంది.

వాషింగ్టనియన్లు చేసిన పనే ఇదీ. కానీ వీళ్ళు నియమాలు పెట్టుకున్నారు. రాజకీయాల్లో తలదూర్చరు, బయట డబ్బు తీసుకోరు, పేర్లు బయటపెట్టరు. అందుకే 90 ఏళ్ళయినా నిలిచింది. ఫీజు లేదు. ఏ ఊళ్ళో అయినా సాయంత్రం వెళ్ళి కూర్చోవచ్చు. అర్ధరాత్రి తాగబుద్దేస్తే ఫోన్ చెయ్యడానికి ఒక మనిషి ఉంటాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. "నా చేతుల్లో ఏమీ లేదు, పైనున్న శక్తికి అప్పగిస్తున్నా" అనడం కొందరికి కొండంత బలం. దేవుణ్ణి నమ్మనివాళ్ళకి అది గొంతు దిగదు. జీన్ కిర్క్‌పాట్రిక్ 1975లో ఆడవాళ్ళకోసం వేరే సంఘమే పెట్టింది. అసలే తమ చేతుల్లో ఏమీ లేదని పుట్టినప్పట్నుంచీ వింటున్న ఆడవాళ్ళకి మళ్ళీ అదే మాట చెప్పడమేంటి అన్నది ఆవిడ వాదన. నాకు న్యాయంగానే అనిపించింది. 1994లో దేవుడి ప్రస్తావన లేకుండా స్మార్ట్ రికవరీ మొదలైంది.

తమాషా ఏంటంటే, ఎ.ఎ. తప్ప గతిలేదని వాదించేవాళ్ళు విల్సన్ కంటే వీరభక్తులు. ఎ.ఎ. పుస్తకం 1955 కూర్పు ముందుమాటలోనే, ఈ వైద్యం మీద తమకి గుత్తహక్కు లేదని రాసుకున్నారు. విల్సన్ స్వయంగా 1956లో డాక్టర్ల సమక్షంలో ఎల్.ఎస్.డి. వేసుకుని చూశాడు, తర్వాత బి-3 విటమిన్ పనికొస్తుందేమో అని వెంటపడ్డాడు. అవి సరైనవా కాదా పక్కన పెట్టండి. తన పద్ధతి అందరికీ సరిపోవట్లేదని అందరికంటే ముందు గ్రహించినవాడు ఆయనే అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ పొడి దగ్గరికొద్దాం. ప్రకటనల్లో వచ్చే పొడుల్లో ఏముంటుందో ఎవడూ చెప్పడు. కానీ "తాగితే వాంతయ్యే మందు" అనగానే డాక్టర్లకి గుర్తొచ్చేది డైసల్ఫిరామ్. దీని కథ రబ్బరు ఫ్యాక్టరీలో మొదలైంది. రబ్బరు తయారీలో వాడే ఇలాంటి రసాయనాల దగ్గర పనిచేసేవాళ్ళు చుక్క కూడా తాగలేకపోతున్నారని 1937లోనే ఒక అమెరికన్ ఫ్యాక్టరీ డాక్టర్ రాశాడు. పదేళ్ళ తర్వాత కోపెన్‌హాగెన్‌లో జెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సెన్ అదే రకం మందుని కడుపులో పురుగులకి పనికొస్తుందేమో అని తమ మీదే పరీక్షించుకుంటూ, ఆ రోజుల్లోనే కాస్త తాగి అల్లాడిపోయారు. 1948లో పేపర్ వేశారు.

పనిచేసే తీరు తేలికే. మద్యాన్ని లివరు ముందు ఎసిటాల్డిహైడ్‌గా, తర్వాత హాని లేని పదార్థంగా మారుస్తుంది. ఈ మందు రెండో మెట్టుని ఆపేస్తుంది. దాంతో విషం ఒంట్లోనే పేరుకుపోయి మొహం ఎర్రబడుతుంది, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. గుండెజబ్బు ఉన్నవాడైతే ప్రాణమే పోవచ్చు.

ఇక అసలు సంగతి. 2014లో ఈ మందు మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి లెక్కేశారు. మందు వేసుకుంటున్నామని తెలిసినవాళ్ళలో అది బాగా పనిచేసింది. ఇచ్చింది మందో ఉత్తి మాత్రో తెలియకుండా చేసిన ప్రయోగాల్లో తేడాయే కనిపించలేదు. ఎందుకంటే ఇది తాగాలన్న కోరికని తగ్గించే మందు కాదు. "పొద్దున్న మాత్ర వేసుకున్నాను, ఇవాళ తాగితే చస్తాను" అన్న ఎరుకే దీని బలం. తెలియకుండా పప్పులో కలపడం అంటే ఆ ఎరుకని తీసేసి విషాన్ని మాత్రం ఉంచడం. అదే మందుని అతను ఒప్పుకుని, డాక్టర్ పరీక్షలు చేశాక, రోజూ పొద్దున్నే భార్య ఎదురుగా వేసుకుంటే ఉపయోగం. మాత్ర ఒకటే, మధ్యలో ఉన్న తేడా నమ్మకం.

తర్వాతి తరం మందులు వేరు. 1992లో పెన్సిల్వేనియా, యేల్ విశ్వవిద్యాలయాల్లో విడివిడిగా జరిగిన ప్రయోగాల్లో నాల్‌ట్రెక్సోన్ తాగుడులో వచ్చే కిక్కుని తగ్గిస్తుందని తేలింది. 1994లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఫిన్లాండ్‌లో డేవిడ్ సింక్లెయిర్ ఇంకో అడుగు ముందుకేసి, తాగడానికి గంట ముందు ఈ మాత్ర వేసుకుంటే మెదడు ఆ అలవాటుని మెల్లగా మర్చిపోతుందన్నాడు. మొదటి రోజునుంచే మానెయ్యాలి అనేవాళ్ళకి ఇది మింగుడు పడలేదు.

ఆ గొడవ అంతకుముందే ఒకసారి పెద్దగా జరిగింది. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో మార్క్, లిండా సోబెల్ దంపతులు 20 మందికి పూర్తిగా మానడం కాకుండా, అదుపులో తాగడం నేర్పించారు. ఫలితాలు బాగున్నాయన్నారు. 1982లో సైన్స్ పత్రికలో వేరేవాళ్ళు ఆ 20 మందినీ వెతికి పట్టుకుని, చాలామంది మళ్ళీ పాతదారే పట్టారు, నలుగురు చనిపోయారు అని రాశారు. దేశమంతా గగ్గోలు. మోసం అన్నారు. కానీ పూర్తిగా మానెయ్యమని చెప్పిన రెండో గుంపు 20 మంది సంగతి ఎవరూ రాయలేదు. వాళ్ళలో చనిపోయింది ఆరుగురు! విచారణ కమిటీ సోబెల్స్ మోసం చెయ్యలేదని తేల్చింది. దేనితోనూ పోల్చకుండా ఒక్క అంకె చూసి తీర్పు చెప్తే ఇలాగే ఉంటుంది. అపార్థం చేసుకోకండి, బాగా ముదిరినవాళ్ళకి పూర్తిగా మానడమే క్షేమం అని ఇప్పటికీ ఎక్కువమంది డాక్టర్ల మాట. నేను చెప్పేది ఆ రోజు పోట్లాట జబ్బు మీద కాదు, మతాల మీద జరిగినట్టు జరిగిందని.

మరి పక్కపక్కన పెట్టి పోలిస్తే ఏది గెలిచింది? 1997లో ప్రాజెక్ట్ మ్యాచ్ పేరుతో 1,726 మంది మీద మూడు పద్ధతులు పోల్చారు: ఎ.ఎ. దారిలో నడిపించేది, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే సి.బి.టి., మారాలన్న కోరికని పెంచే కౌన్సిలింగు. ముగ్గురూ బాగుపడ్డారు, పెద్ద తేడా లేదు. ఎవరికి ఏది సరిపోతుందో ముందే చెప్పగలమన్న ఆశ కూడా చాలావరకు ఫలించలేదు. 2020లో కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు, 10,565 మంది లెక్కలు తీసి, పూర్తిగా మానడం వరకు చూస్తే ఎ.ఎ. దారి సి.బి.టి. లాంటివాటికి తీసిపోదు, కాస్త మెరుగే అంది. సైన్స్ కాదు అని కొట్టిపారేసినవాళ్ళు కూడా ఒప్పుకోవాల్సిన అంకెలు. అయినా అందులోనూ ఫెయిలైనవాళ్ళు బోల్డుమంది.

నా దృష్టిలో వీటన్నిటికంటే ముఖ్యమైన పేపరు 2000లో జామా పత్రికలో వచ్చింది. వ్యసనాన్ని షుగరు, బీపీ, ఆస్తమాలతో పోల్చారు. చికిత్స తర్వాత ఏడాదిలోపు మళ్ళీ మొదలెట్టేవాళ్ళు నూటికి 40 నుంచి 60 మంది. షుగరు, బీపీ తిరగబెట్టేవాళ్ళ లెక్కలూ దాదాపు అంతే. షుగరు పెరిగితే డాక్టర్ మందు మారుస్తాడు. "నీకు మనసు గట్టిగా లేదు, పో" అనడు. తాగుడు దగ్గరికొచ్చేసరికి నాలుగు వారాల కోర్సిచ్చి, సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తాం. కీలీ కాలంనాటి నాలుగు వారాలే ఇంకా నడుస్తున్నాయి.

మన దగ్గర సంగతేంటి? ఎ.ఎ. 1957లో ఇండియాకొచ్చింది. తాగుడువల్ల 1979లో భర్తని పోగొట్టుకున్న శాంతి రంగనాథన్, అమెరికా వెళ్ళి శిక్షణ తీసుకుని 1980లో చెన్నైలో టి.టి.రంగనాథన్ ఫౌండేషన్ మొదలెట్టారు. తర్వాత వాళ్ళు మంజక్కుడి లాంటి పల్లెలకి వెళ్ళి, అక్కడే శిబిరం పెట్టి, కుటుంబాల్ని కూడా కూర్చోబెట్టి వైద్యం చేశారు. మన తెలుగునాట పోరాటం వేరే దారిలో నడిచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత. ఆ పోరాటం న్యాయమైనది, గొప్పది. కానీ అది దుకాణం మీద పోరాటం. దుకాణం మూతపడిన మర్నాడు చేతులు వణికేవాడి సంగతేంటి అన్న ప్రశ్న అప్పుడూ, ఆ తర్వాతా వెనకబడే ఉంది.

2019లో కేంద్రం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో తాగుడుకి బానిసలైనవాళ్ళలో 38 మందికి ఒక్కడికే ఏదో ఒక వైద్యం అందింది. మిగిలిన 37 మందికీ దొరికేది ఆ గోడమీది ఫోన్ నంబరే. మరోపక్క గోవాలో సంగత్ సంస్థ, సైకాలజీ డిగ్రీలు లేని మామూలు మనుషులకి శిక్షణిచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నాలుగు సిట్టింగులలోపు కౌన్సిలింగు చేయించింది. 377 మందితో చేసిన ఆ ప్రయోగంలో మూడు నెలలకి గండం దాటినవాళ్ళు 36 శాతం, మామూలు వైద్యంలో 26. వీళ్ళు పూర్తిగా బానిసలైనవాళ్ళు కాదు, ఆ దారిలో ఉన్నవాళ్ళు. అయినా ఇది మన దేశంలో, మన ఖర్చులో అయ్యే పని.

ఏతావాతా నేను ఆవిడకి చెప్పింది నాలుగు ముక్కలు. పొడి వద్దు. గదిలో పెట్టి తాళం వేసి ఉన్నట్టుండి మాన్పించడమూ వద్దు. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి తప్పవచ్చు, ప్రాణం పోవచ్చు. ఆ మొదటి వారం ఆసుపత్రి పర్యవేక్షణలో జరగాలి. తర్వాత ఒక సైకియాట్రిస్టు దగ్గర మందుల గురించి అడగండి, అలాగే దగ్గర్లో ఎ.ఎ. మీటింగ్ ఎక్కడుందో చూడండి, ఒకదానికొకటి అడ్డం కాదు. నాలుగోది, మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఆరు నెలలు ఆగాడంటే అవి రెండు ఓటములు కాదు. పెరుగుతున్న లెక్క.

"మా ఆయనకి ఇది పనిచేసింది" అని ఎవరైనా చెప్తే అది నిజమే అయ్యుంటుంది. మా ఆఫీసుల్లో "నా మెషీన్లో బానే నడుస్తోందే" అనేవాడి మాట ఎంత నిజమో అంత నిజం. ఇంకో మెషీన్లో నడవకపోతే మెషీన్‌ని తిట్టం, ఏం తేడా ఉందో చూస్తాం. ఆ మాత్రం మర్యాద మనిషికి ఇవ్వలేమా? మీ ఇంట్లోనో, చుట్టాల్లోనో ఒక దారి మూసుకుపోయినవాడు ఉంటే, వాడికి రెండోది ఉందనీ, మూడోది కూడా ఉందనీ చెప్పండి. కేంద్రప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, ఉచితం. గోడమీది నంబరు కంటే ముందు ఇది నొక్కండి.